“లీగలే కదమ్మా” అంటున్నాడు మా అబ్బాయి

ప్రశ్న:

మేం న్యూజెర్సీలో ఉంటున్నాం. మాకు పదహారేళ్ల బాబు, పదకొండేళ్ల పాప. బాబు లెవెన్త్ గ్రేడ్. పోయిన వారం బట్టలు మెషీన్‌లో వేస్తుంటే వాడి హుడీ జేబులో పెన్నులాంటిది ఒకటి, రంగురంగుల గమ్మీల ప్యాకెట్ ఒకటి దొరికాయి. చూడ్డానికి అచ్చం పుల్లటి మిఠాయి ప్యాకెట్‌లా ఉంది. మీద 500 ఎంజీ టీహెచ్‌సీ అని రాసుంది, అంటే గంజాయిలో మత్తునిచ్చే పదార్థం. అడిగితే ముందు ఫ్రెండ్‌ది అన్నాడు. గట్టిగా అడిగితే, “ఇక్కడ ఇది లీగలే కదమ్మా. హైవే మీద షాపే ఉంది. నాన్న తాగడం లేదా? అందరూ చేస్తారు” అన్నాడు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదట, అందుకని వాడుతున్నాడట. అన్నీ సాకులే. మా వారికి ఇంకా చెప్పలేదు. ఆయనకి కోపం చాలా ఎక్కువ. తెలిస్తే చెయ్యి చేసుకుంటారు. గుంటూరు పంపించి మా అత్తగారి దగ్గరుంచి ఇంటర్‌లో చేర్పిస్తానంటారు, అది ఊరికే అనే మనిషి కాదు. మేమింకా హెచ్-1బీ మీదే ఉన్నాం, గ్రీన్‌కార్డు క్యూలో. బాబు నాలుగేళ్లప్పుడు ఇక్కడికి వచ్చాడు, పాప ఇక్కడే పుట్టింది. గంజాయి అన్న మాట మా ఇంటావంటా లేదు. వాడికి ఏం చెప్పాలి? ఆయనకి ఎలా చెప్పాలి? పాపకి తెలియాలా?

— ఒక తల్లి, న్యూజెర్సీ

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. “అన్నీ సాకులే” అని మీరు కొట్టిపారేసిన చోటే రెండుసార్లూ ఆగాను. దొరికిపోయిన పిల్లలు అబద్ధాలు చెబుతారు, నిజమే. ఫ్రెండ్‌ది అన్నది అబద్ధం. అందరూ చేస్తారన్నదీ నిజం కాదు, ఎందుకో చెబుతాను. నిద్ర పట్టడం లేదన్న మాట మాత్రం నిజమై ఉండొచ్చు. దాని దగ్గరికి వస్తాను. ముందు ఆ ప్యాకెట్ సంగతి చూద్దాం.

అదిప్పుడు ఎక్కడుంది? మీరు రాయలేదు. పప్పుల డబ్బా వెనకో, మీ హ్యాండ్‌బ్యాగ్‌లోనో దాచి ఉంటారని నా అనుమానం. ఇంట్లో పదకొండేళ్ల పాప ఉంది. మిఠాయిలా కనపడే ప్యాకెట్ అమ్మ బ్యాగులో దొరికితే ఏ పిల్లయినా ఒకటి నోట్లో వేసుకుంటుంది. అమెరికాలో ఆరేళ్లలోపు పిల్లలు ఇలాంటివి పొరపాటున తిన్న కేసులు పాయిజన్ సెంటర్ల లెక్కల్లో 2017లో 207 ఉంటే, 2021లో 3,054 అయ్యాయి. మీ పాప అంత చిన్నది కాదు గానీ, చాలా రాష్ట్రాల్లో పెద్దవాళ్లకి ఒక మోతాదుగా లెక్కేసేది 10 ఎంజీ. ఆ ప్యాకెట్ మీద రాసింది నిజమైతే అందులో యాభై మోతాదులున్నాయి. ఈరోజే గమ్మీల్ని వాడేసిన కాఫీ పొడిలో కలిపి కవర్లో కట్టి చెత్తలో వేసేయండి. ఆ పెన్నులో లిథియం బ్యాటరీ ఉంటుంది, దాన్ని మామూలు చెత్తలో వేయకూడదు, కౌంటీ వాళ్లు ప్రమాదకర వస్తువులు తీసుకునే చోట ఇవ్వాలి. పారేశానని బాబుకి చెప్పండి. దాచిపెట్టి, సాక్ష్యంలా మళ్లీ మళ్లీ బయటికి తీయొద్దు. పాయిజన్ సెంటర్ నంబరు 1-800-222-1222 ఫ్రిజ్ మీద అంటించండి. ఆ నంబరు గంజాయి కోసమే కాదు, ఇల్లన్నాక ఉండాల్సిందే.

ఇక ఆ “లీగల్” మాట. మీరు దీనికి నోట మాట రాక నిలబడిపోయారని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. చాలామంది తల్లిదండ్రులు అక్కడే ఓడిపోతున్నారు. మనం చిన్నప్పుడు నేర్చుకున్నది ఒక్కటే: గంజాయి అంటే నేరం, తాగేవాడు చెడిపోయినవాడు. ఆ వాదన నేరం మీద నిలబడింది. నేరం కాదని చట్టం అనేసరికి వాదన కుప్పకూలింది. మీ అబ్బాయి తెలివైనవాడు, ఆ కన్నం చూశాడు. కానీ వాడికి తెలిసిన చట్టం సగమే.

న్యూజెర్సీలో 2020 నవంబరులో ప్రజలు ఓటేశారు, 2021 ఫిబ్రవరిలో అప్పటి గవర్నర్ మర్ఫీ సంతకం పెట్టారు, 2022 ఏప్రిల్ 21న షాపుల్లో అమ్మకాలు మొదలయ్యాయి. ఇదంతా ఇరవై ఒక్కేళ్లు నిండినవాళ్లకి. ఐడీ చూడకుండా షాపు లోపలికి అడుగు పెట్టనివ్వరు. పెద్దవాళ్లు సైతం ఇంట్లో మొక్క పెంచితే ఇక్కడ నేరమే. ఇరవై ఒక్కేళ్లలోపు వాళ్లకి ఇవ్వడం, అమ్మడం చట్టవిరుద్ధం. కాబట్టి హైవే మీద షాపు ఉందన్న మాట మీ అబ్బాయికి అక్కరకి రాదు. వాడు దాన్ని ఆ షాపులో కొనలేదు, కొనలేడు. పైగా మిఠాయిలా కనపడే ప్యాకింగ్ లైసెన్సు ఉన్న షాపుల సరుకుకి ఉండకూడదని నిబంధన. అంటే అది ఎవడి గ్యారేజీలోంచో, ఎవడి అన్న కారు డిక్కీలోంచో వచ్చింది. “లీగలైతే బిల్లు చూపించు నాన్నా” అని నవ్వుతూ అడగండి. ఎత్తిపొడుపుగా కాదు, నిజంగా ఆలోచించమని.

ఇలా వచ్చే సరుకులో ఏముందో పైన రాసింది చూసి చెప్పలేం. 2019లో అమెరికా అంతటా వేప్ చేసినవాళ్ల, అంటే అలాంటి పెన్నుతో ఆవిరి పీల్చినవాళ్ల, ఊపిరితిత్తులు ఉన్నట్టుండి దెబ్బతిన్నాయి. 2020 ఫిబ్రవరి నాటికి 2,800 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు, 68 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది వాడినవి ఇలా చేతులు మారి వచ్చిన టీహెచ్‌సీ కార్ట్రిడ్జ్‌లే, అంటే పెన్నులో పెట్టే నూనె గొట్టాలే. నూనె చిక్కగా కనపడాలని అందులో విటమిన్-ఇ ఎసిటేట్ కలిపారు. ఈ సంగతి మీ అబ్బాయికి చెప్పండి. పిల్లలకి నీతి చెబితే వినరు గానీ, మోసపోయావంటే చెవి ఒగ్గుతారు.

“అందరూ చేస్తారు” అన్న మాటకీ ఒక లెక్క ఉంది. మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు 1975 నుంచీ ఏటా అమెరికా స్కూలు పిల్లల్ని అడుగుతున్నారు. 2024లో ట్వెల్త్ గ్రేడ్ పిల్లల్లో గడిచిన ఏడాదిలో ఒక్కసారైనా గంజాయి వాడామన్నవాళ్లు సుమారు 26 శాతం. టెన్త్‌లో 16 శాతం. అంటే ట్వెల్త్‌లో కూడా నలుగురిలో ముగ్గురు ముట్టలేదు. ఇంకో మాట: 2019లో ట్వెల్త్ వాళ్లలో ఇది 35 శాతం దాటి ఉండేది. షాపులు పెరిగాయి, పిల్లల వాడకం తగ్గింది! చట్టం మారడం వల్లే పిల్లలందరూ పాడైపోయారని మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాట నిజం కాదు.

అలాగని నిశ్చింతగా ఉండమనడం లేదు. మారింది సరుకు. 1995లో పోలీసులు పట్టుకున్న గంజాయిలో టీహెచ్‌సీ 4 శాతం దాకా ఉండేది. 2021 నాటికి 15 శాతం. వేప్ పెన్నుల్లో వాడే నూనెల్లో 60 నుంచి 90 శాతం దాకా ఉంటుంది. మీ కాలేజీ రోజుల్లో హాస్టల్ మేడ మీద ఎవరో కాల్చినదానికీ, మీ అబ్బాయి జేబులో ఉన్నదానికీ పేరొక్కటే. పైగా పెద్దగా వాసన రాదు, బాత్రూమ్‌లో రెండు నిమిషాల పని. గమ్మీ అయితే తిన్న అరగంట నుంచి రెండు గంటల దాకా ఏమీ తెలియదు. పని చేయలేదనుకుని ఇంకోటి తింటారు. ఎమర్జెన్సీ గదికి పోయే పిల్లల కథలు చాలావరకు అలాగే మొదలవుతాయి.

మెదడు ఇరవైల మధ్య దాకా తయారవుతూనే ఉంటుంది. ఆ పనిలో ఉండగా ఇది పడితే జ్ఞాపకం, ఏకాగ్రత దెబ్బతింటాయి. పద్దెనిమిది లోపు మొదలుపెట్టినవాళ్లలో సుమారు ఆరుగురిలో ఒకరికి అది వదలని అలవాటు అవుతుంది. ఇవి డాక్టర్లు చెప్పేవి, మీరు వినే ఉంటారు. మన ఇళ్లలో ఎవరూ చెప్పుకోనిది ఇంకొకటి ఉంది.

మీ వైపు గానీ, మీ వారి వైపు గానీ మనసు జబ్బు ఎవరికైనా ఉందా? స్కిజోఫ్రీనియా, బైపోలార్ అన్న పేర్లతో మీకు తెలిసి ఉండకపోవచ్చు. “గాలి సోకింది”, “నరాల బలహీనత”, “పెద్ద చదువు చదివి తల చెడింది”, “ఆ మామయ్య కొంచెం తేడా మనిషి” — మన కుటుంబాల్లో ఇలాంటి మాటల కింద దాచేస్తారు. పెళ్లి సంబంధాలు చెడతాయని భార్యాభర్తలు కూడా ఒకరికొకరు చెప్పుకోరు. అలాంటి రక్తం ఉన్న పిల్లల్లో ఘాటైన గంజాయి ఆ జబ్బుని బయటికి లాగే ప్రమాదం మిగతావాళ్లకన్నా ఎక్కువ. రక్తంతో పని లేకుండా చూసినా తేడా కనపడింది: యూరప్, బ్రెజిల్‌లలోని 11 చోట్ల జరిగిన పరిశీలన 2019లో వచ్చింది. అందులో ఘాటైన గంజాయి రోజూ వాడేవాళ్లకి పిచ్చి లక్షణాలు వచ్చే అవకాశం అసలు వాడనివాళ్లకన్నా దాదాపు ఐదు రెట్లు ఎక్కువని తేలింది. కాబట్టి మీ వారితో కూర్చుని ఈ ప్రశ్న అడగండి. అలాంటివాళ్లు ఉంటే అబ్బాయికి చెప్పండి. షుగరు మన వంశంలో ఉంది, స్వీట్లు తగ్గించు అని చెబుతాం కదా, అలాగే.

ఇక నిద్ర.

లెవెన్త్ గ్రేడ్ ఇక్కడ ఎలాంటి ఏడాదో మీకు నేను చెప్పక్కర్లేదు. కాలేజీ స్థాయి ఏపీ క్లాసులు, కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్ష, వలంటీర్ గంటలు, మధ్యలో మన వాళ్ల పోలికలు. ఫలానా వాళ్లబ్బాయికి శాట్‌లో 1560 వచ్చిందట అని మనం ఫోన్‌లో మాట్లాడుతుంటే పక్క గదిలో పిల్లాడు వింటాడు. ఈ వయసులో ఒంటి గడియారం ఆలస్యంగా తిరుగుతుంది, రాత్రి పదకొండు దాకా నిద్ర రమ్మన్నా రాదు. అందుకే హైస్కూళ్లు ఎనిమిదిన్నరకన్నా ముందు మొదలుపెట్టొద్దని పిల్లల డాక్టర్ల సంఘం 2014లోనే చెప్పింది. వినే స్కూళ్లు తక్కువ. నిద్ర పట్టని పిల్లాడికి ఎవరో ఒక గమ్మీ ఇచ్చారు, ఆ రాత్రి హాయిగా పడుకున్నాడు. వాడి దృష్టిలో అది మందు.

చిక్కు తర్వాత వస్తుంది. రోజూ వాడితే మోతాదు చాలదు. మానేస్తే నిద్ర అంతకు ముందుకన్నా చెడుతుంది, పీడకలలు, చిరాకు, అన్నం సహించకపోవడం. ఇది ఒకటి రెండు రోజుల్లో మొదలై మొదటి వారం బాగా ఉంటుంది, మెల్లగా రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. పిల్లాడు మాత్రం “అది లేకపోతే నాకు నిద్ర రాదు, నాకది కావాల్సిందే” అనుకుంటాడు. ఇంట్లోవాళ్లు “తీసేసుకున్నామని పొగరు చూపిస్తున్నాడు” అనుకుంటారు. ఇద్దరిదీ పొరపాటే. రాబోయే రెండు వారాలు మీ అబ్బాయి విసుక్కుంటే, కంచం ముందు నుంచి లేచిపోతే, దాన్ని జ్వరం తగ్గేటప్పుడు పట్టే చెమటలా చూడండి.

వాడిని అడగాల్సింది “ఎందుకు చేశావు” అని కాదు. “ఎప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు నాన్నా?” అని. అడిగి ఊరుకోండి. మీరు రెండు వాక్యాలు మాట్లాడితే వాడు పది వాక్యాలు మాట్లాడాలి, అదీ లెక్క. నాకు పెద్దగా చేతనయ్యేది కాదు ఇది. మా పెద్దాడు ఇదే వయసులో ఎదురుగా కూర్చోబెడితే గోడలా ఉండేవాడు. కారులో పక్కన కూర్చుని రోడ్డు చూస్తున్నప్పుడు మాత్రం నోరు విప్పేవాడు. మీవాడికి పదహారు నిండాయి, పర్మిట్ తీసుకుని డ్రైవింగ్ నేర్చుకుంటూ ఉంటాడు, లేదా రేపో మాపో మొదలుపెడతాడు. ఆ ప్రాక్టీసు మీరు చేయించండి. మాటలు అక్కడ దొరుకుతాయి. అక్కడే ఒక్క నిబంధన తేల్చి చెప్పండి: దేని మత్తులో ఉన్నా స్టీరింగ్ ముట్టుకోకూడదు, మత్తులో ఉన్నవాడి కారు ఎక్కకూడదు. గంజాయి తాగి నడిపినా మద్యం తాగి నడిపినట్టే ఇక్కడ కేసు.

దానితోపాటు ఒక ఒప్పందం. ఎక్కడున్నా, ఏ స్థితిలో ఉన్నా ఫోన్ చేస్తే వచ్చి తీసుకొస్తాం, ఆ రాత్రి ఒక్క ప్రశ్న ఉండదు, మర్నాడు మాట్లాడుకుందాం. స్నేహితుల ముందు “అమ్మా, వచ్చి తీసుకెళ్లు” అనడానికి పదహారేళ్లవాడికి ప్రాణం పోయినంత పని. మనకి ఇక్కడ ఒక సుఖం ఉంది, వాళ్లకి తెలుగు రాదు. ఒక గుర్తు మాట పెట్టుకోండి. “అమ్మమ్మ ఫోన్ చేసిందా?” అని వాడు అడిగితే మీరు తాళాలు తీసుకుని బయల్దేరాలి. మీరే ఫోన్ చేసి “అర్జెంటుగా ఇంటికి రా” అని అరిచి, తప్పంతా మీ మీద వేసుకోండి. అమ్మ చాదస్తపుది అన్న పేరు వాడికి గొప్ప కవచం. ఇంకొకటి కూడా చెప్పండి: స్నేహితుడు లేపినా లేవకపోతే, ఊపిరి సరిగా తీయకపోతే భయపడకుండా 911కి చేయాలి. అలా ఫోన్ చేసినవాళ్ల మీద మత్తు వాడిన కేసు పెట్టకుండా న్యూజెర్సీలో 2013 నుంచి చట్టం కాపాడుతోంది. తలకిందులైనా వేరే మాత్రలు ముట్టకూడదు. నకిలీ మాత్రల్లో ఫెంటనిల్ అనే ప్రాణాంతకమైన మత్తుమందు ఉండొచ్చు, దానికి రెండో అవకాశం లేదు.

మీ వారి విషయం. ఆయనకి చెప్పాలి. ఈ వారాంతం దాటకూడదు. మీరు దాచితే రెండు జరుగుతాయి. వాడికి మీరు తోడుదొంగ అవుతారు, ప్రతి చిన్నదానికీ “నాన్నకి చెప్పొద్దు” మొదలవుతుంది. రెండోది, ఆయనకి వేరే దారిలో తెలిసిన రోజు కోపం రెట్టింపవుతుంది, అందులో సగం మీ మీద. ఆ వేరే దారి కూడా దగ్గర్లోనే ఉంది. ఇక్కడ మైనరు దగ్గర గంజాయి దొరికితే మొదటిసారి పోలీసులు రాతపూర్వకంగా హెచ్చరిస్తారు, తల్లిదండ్రులకి కబురు పెడతారు. 2021 ఫిబ్రవరిలో చేసిన చట్టంలో మొదటిసారికి తల్లిదండ్రులకి చెప్పక్కర్లేదని ఉండేది. గొడవ లేచి మార్చిలోనే మార్చారు. స్కూల్లో అనుమానం వస్తే వెంటనే వైద్య పరీక్షకి పంపాలని స్కూళ్లకి వేరే నియమం ఉంది. ఆయన ఆఫీసులో మీటింగులో ఉండగా స్కూలు నుంచి ఫోన్ రావడం మేలా, మీరు చెప్పడం మేలా?

పిల్లాడు ఇంట్లో లేనప్పుడు చెప్పండి, భోజనం అయ్యాక. “మనవాడికి నిద్ర పట్టడం లేదట” అన్న మాటతో మొదలుపెట్టి ప్యాకెట్ దాకా రండి, ప్యాకెట్‌తో మొదలుపెట్టొద్దు. “ముందు నాతో అరవండి, వాడి దగ్గరికి రేపు పొద్దున వెళ్దాం” అని అడగండి. చెయ్యి చేసుకోవడం గురించి మాత్రం మొహమాటం లేకుండా చెప్పేయండి. పిల్లాడి ఒంటి మీద దెబ్బ కనపడితే ఈ రాష్ట్రంలో చూసినవారెవరైనా అధికారులకి చెప్పి తీరాలి. అది పక్కన పెట్టినా, పదహారేళ్లవాణ్ణి కొడితే వాడు మానడు, ఇంకా బాగా దాచడం నేర్చుకుంటాడు.

“నాన్న తాగడం లేదా” అన్న ప్రశ్నకి ఆయనే సమాధానం చెప్పాలి, మీరు కాదు. పెద్దవాళ్లకి చట్టం ఒప్పుకుంది అన్న జవాబు ఇక్కడ పని చేయదు, రేపు ఇరవై ఒకటి నిండాక వాడూ అదే అంటాడు. మన పార్టీల్లో బేస్‌మెంట్‌లో అంకుల్స్ గ్లాసులు పట్టుకుని ఉంటారు, పిల్లలు పిజ్జా కోసం కిందకీ పైకీ తిరుగుతుంటారు. “వీకెండ్ అంటే ఇదే” అన్నది వాళ్లకి మనం నేర్పిన మొదటి పాఠం. నాకు తెలిసిన ఒకాయన కొడుకు ఇదే ప్రశ్న అడిగితే ఆరు నెలలు ఇంట్లో సీసా దించలేదు, దాని గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు కూడా. మీ వారు అంత చేయకపోయినా, పిల్లల ముందు గ్లాసు పక్కన పెట్టి “నేనూ తగ్గిస్తాను” అనగలిగితే ఆ మాటకి ఉన్న బలం నా ఉత్తరానికి లేదు.

ఇప్పుడు వీసా. ఆయన అరవకుండా వినే విషయం ఇదొక్కటే కావచ్చు, కాబట్టి జాగ్రత్తగా చదివి చెప్పండి. రాష్ట్రం ఏమన్నా, 1970 నాటి ఫెడరల్ చట్టం కింద గంజాయి నియంత్రణలో ఉన్న మత్తుపదార్థం. ఎక్కువ కట్టడి ఉండే షెడ్యూల్ 1 నుంచి తక్కువ కట్టడి ఉండే 3కి మార్చాలన్న ప్రతిపాదన 2024లో పెట్టారు, కానీ షెడ్యూల్ ఏదైనా జాబితాలో ఉన్నంత కాలం వలస చట్టానికి అది మత్తుపదార్థమే. వలస చట్టం ఫెడరల్. లీగల్ రాష్ట్రంలో వాడినా, ఆ వ్యాపారంలో పని చేసినా పౌరసత్వానికి అడ్డు రావొచ్చని వలస శాఖ 2019 ఏప్రిల్‌లో స్పష్టంగా రాసింది. మీ ఇంట్లో ఇద్దరు పిల్లలు ఒకే బల్ల దగ్గర అన్నం తింటారు గానీ, ఈ విషయంలో వాళ్ల దేశాలు వేరు. పాప పౌరురాలు. బాబు హెచ్-4, అంటే హెచ్-1బీ వాళ్ల మీద ఆధారపడ్డవాళ్లకి ఇచ్చే వీసా. పక్కింటి స్నేహితుడికి ఒక హెచ్చరిక కాగితంతో పోయేది వీడికి గ్రీన్‌కార్డు మెడికల్‌లోనో, ఎయిర్‌పోర్టులో అధికారి ముందో, పాస్‌పోర్టులో వీసా వేయించుకునే స్టాంపింగ్ ఇంటర్వ్యూలోనో ప్రశ్నగా రావొచ్చు. ఈ తేడా వాడికి తెలుసా? మన పిల్లలకి తాము హెచ్-4 అన్న సంగతి కాలేజీ ఫీజుల దాకా చాలామందికి తెలియదు, మనం చెప్పం. చెప్పండి, బెదిరింపుగా కాకుండా ఇంటి లెక్క చెప్పినట్టు చెప్పండి.

చేయాల్సినవి: ఫోన్లలో, స్నాప్‌చాట్‌లో అలాంటి ఫోటోలు, జోకులు ఉండకూడదు. పోలీసులైనా, కోర్టయినా ఏ కాగితం ఇచ్చినా వలస లాయర్ని అడక్కుండా సంతకం వద్దు. “చిన్నదే, ఒప్పుకుంటే కొట్టేస్తారు” అన్న మాట రాష్ట్ర కోర్టులో మంచి సలహా కావొచ్చు, వలస చట్టంలో ఆ ఒప్పుకోలే శిక్ష కిందికి రావొచ్చు. హోసే పడిల్లా అనే ఆయన నలభై ఏళ్లుగా గ్రీన్‌కార్డు మీద ఉన్నాడు, వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యంలో పని చేశాడు. లారీలో గంజాయి రవాణా కేసులో లాయరు “నీకేం భయం లేదు” అంటే నేరం ఒప్పుకున్నాడు, దేశం నుంచి పంపించేసే పరిస్థితి వచ్చింది. అది పెద్ద మొత్తం కేసు, మీవాడిది అలాంటిది కాదు. కానీ ఆ కేసు వల్లే, ఇలాంటి ఒప్పుకోలుతో దేశం దాటాల్సి వస్తుందని లాయరు ముందే చెప్పి తీరాలని 2010లో సుప్రీంకోర్టు అంది. అడగడం మీ హక్కు. మైనర్ల కేసులకి మినహాయింపులు కూడా ఉన్నాయి, అవి లాయరే చెప్పాలి. ఎక్కడా అబద్ధం చెప్పమని నేను అనడం లేదు, అధికారి ముందు అబద్ధం ఇంకా పెద్ద నేరం.

ఇక్కడొక గందరగోళం తీసేయాలి. ఈ భయంతో పిల్లల డాక్టరు దగ్గర నోరు మూసుకోవద్దు. గ్రీన్‌కార్డు పరీక్ష చేసే సివిల్ సర్జన్ వేరు, మీ పిల్లాణ్ణి చిన్నప్పటి నుంచీ చూస్తున్న డాక్టరు వేరు. అపాయింట్‌మెంట్ తీసుకోండి, కారణం నిద్ర అని చెప్పండి. కాసేపు మిమ్మల్ని బయట కూర్చోమంటారు. కూర్చోండి. మన వాళ్లు అక్కడే చిన్నబుచ్చుకుని “మా అబ్బాయి నా దగ్గర ఏమీ దాచడు” అంటారు. ఆ పది నిమిషాల్లోనే నిజం బయటికి వస్తుంది. ఎంత తరచుగా, ఒంటరిగానా, దిగులు ఉందా, బతకాలని లేదన్న ఆలోచన ఉందా, అన్నీ అడుగుతారు. అలవాటు ముదిరిందంటే మందు బిళ్లలు లేవు దీనికి, మాటలతో చేసే చికిత్సే ఉంది, కుటుంబమంతా కూర్చునే పద్ధతి పిల్లల్లో బాగా పని చేస్తుంది. చాలా స్కూళ్లలో స్టూడెంట్ అసిస్టెన్స్ కౌన్సెలర్ ఉంటారు, డిసిప్లిన్ చూసే వైస్ ప్రిన్సిపాల్ వేరు, ఈయన వేరు. రాత్రి పూట ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 988. చికిత్స ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవడానికి 1-800-662-4357, ఖర్చు లేదు. లేనివి కనపడుతున్నాయన్నా, ఎవరో వెంటాడుతున్నారన్నా, ఆగకుండా వాంతులై వేడినీళ్ల షవర్ కింద నిలబడితే గానీ తగ్గడం లేదన్నా, అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు.

ఆన్‌లైన్‌లో దొరికే యూరిన్ టెస్ట్ కిట్ మాత్రం తెప్పించొద్దు. బాగా వాడినవాళ్లకి ఇది ఒంట్లో వారాల తరబడి ఉంటుంది, ఎప్పుడు వాడాడో చెప్పదు. దాన్ని ఎలా తప్పించుకోవాలో మీకన్నా వాడికే బాగా తెలుసు. బాత్రూమ్ తలుపు బయట నిలబడే అమ్మతో వాడు నిద్ర గురించి మాట్లాడడు.

గుంటూరు సంగతికి పెద్ద చర్చ అక్కర్లేదు. తెలుగు రాయడం రాని పిల్లాణ్ణి లెవెన్త్ మధ్యలో లేపి రెసిడెన్షియల్ ఇంటర్‌లో పడేస్తే నిద్ర పట్టని జబ్బు తగ్గుతుందా? తిరిగి రావాలంటే స్టాంపింగ్ కావాలి, ఆ ఇంటర్వ్యూలో “ఎందుకు వెళ్లావు” అంటే ఏం చెబుతాడు? అక్కడేమో గంజాయి లేదా? అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ సాగు నుంచి కాలేజీ గేట్ల దాకా వస్తోందనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో ఈగల్ పేరుతో ప్రత్యేక దళాన్ని పెట్టింది. అక్కడ ఉన్నది మత్తుపదార్థాల మీద 1985లో చేసిన ఎన్‌డీపీఎస్ చట్టం, హెచ్చరిక కాగితాలు ఉండవు. వేసవిలో నానమ్మ దగ్గరికి పంపాలంటే పంపండి, శిక్షగా కాదు, వాడు వస్తానంటేనే. వెళ్లేముందు సూట్‌కేసు, బ్యాక్‌ప్యాక్ జేబులు మీరే తిరగేయండి. శంషాబాద్‌లో ఒక మర్చిపోయిన గమ్మీ చాలు.

పాపకి తెలియాలా అన్నారు. అన్నయ్య కథ తెలియక్కర్లేదు, అది వాడి పరువు. మీ ఇంట్లో ఏదో జరుగుతోందని మాత్రం ఆమెకి ఈపాటికే తెలిసి ఉంటుంది. పదకొండేళ్లకి మిడిల్ స్కూల్ మొదలవుతుంది, అక్కడి బాత్రూమ్‌లలో వేప్ ఏమిటో మీరు చెప్పకపోయినా తెలుస్తుంది. ఈసారి ఆ షాపు ముందు నుంచి వెళ్తున్నప్పుడు “అదేంటో తెలుసా?” అని మీరే అడగండి. తెలియదంటే “పెద్దవాళ్లు కొనే మత్తు మందు, కొన్ని మిఠాయిల్లా ఉంటాయి, ఎవరిచ్చినా ప్యాకెట్ మీద ఏముందో నాకు చూపించకుండా తినకు” అని రెండు ముక్కల్లో చెప్పి, రేడియో పెట్టేయండి. తెలుసంటే రేడియో ఆపేయండి.